పోలీసులు వెంటపడినప్పుడు దెబ్బలు తగిలితే: తరచుగా అడిగే ప్రశ్నలు

"పారిపోతూ కింద పడ్డాడు." అరెస్టు చేశాక పోలీసులు కోర్టుకు ఇచ్చే రిమాండ్ రిపోర్టుల్లో ఈ ముక్క ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కొన్నిసార్లు అది నిజమే, అర్ధరాత్రి పదడుగుల గోడ మీంచి దూకితే ఎవరికైనా కాలు విరుగుతుంది. కొన్నిసార్లు మాత్రం గోడ దూకినవాడికి వీపు మీద వాతలు ఎలా పడ్డాయో ఆ రిపోర్టు రాసినవాళ్లకే తెలియాలి. నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి అడిగేవాళ్ల సందేహాలు ఎప్పుడూ దాదాపు ఇవే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

ఒక్క మాట. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ (అరెస్టు, విచారణ పద్ధతుల చట్టం) బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), ఐపీసీ (నేరాలు, శిక్షల చట్టం) బదులు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) అమల్లో ఉన్నాయి. కింద రాసినవి కొత్త సెక్షన్ నంబర్లే, చట్టం పేరు చెప్పని చోట బీఎన్‌ఎస్‌ఎస్ అనుకోండి.

## వెంటపడుతున్నప్పుడు, పట్టుకుంటున్నప్పుడు

పోలీసులను చూసి పారిపోతే కొట్టే హక్కు వాళ్లకు వచ్చేస్తుందా?

రాదు. బీఎన్‌ఎస్‌ఎస్ 43వ సెక్షన్ ప్రకారం, అరెస్టును ఎదిరించినా తప్పించుకోవాలని చూసినా పట్టుకోవడానికి అవసరమైన మార్గాలన్నీ వాడొచ్చు. ఇంతవరకే చదివి ఆగిపోతారు చాలామంది. 46వ సెక్షన్ ఏమంటుందంటే, తప్పించుకోకుండా ఆపడానికి ఎంత కావాలో అంతకు మించి నిర్బంధం ఉండకూడదు. అంటే కింద పడేసి పట్టుకోవడం వేరు, పట్టుకున్నాక చుట్టూ నిలబడి లాఠీలతో బాదడం వేరు. మనిషి చేతికి చిక్కిన క్షణంతో బలం వాడే అవసరం తీరిపోయింది, ఆ తర్వాత పడిన ప్రతి దెబ్బకూ విడిగా జవాబు చెప్పుకోవాలి. అయితే పారిపోవడం వల్ల నష్టం లేదనుకోకండి. చట్టబద్ధమైన అరెస్టును అడ్డుకుంటే బీఎన్‌ఎస్ 262 కింద రెండేళ్ల వరకు శిక్ష పడొచ్చు, బెయిల్ దగ్గర కూడా "మళ్లీ పారిపోతాడు" అని పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వ లాయర్) వాదిస్తారు.

మా తమ్ముడు తనంతట తనే గోడ దూకాడు, కాలు విరిగింది. ఇందులో పోలీసుల తప్పేమన్నా ఉందా?

దూకడం వరకు లేదు, నిజం చెప్పాలంటే. తరమడం వాళ్ల ఉద్యోగం. కానీ బాధ్యత అక్కడితో అయిపోదు. కాలు విరిగినవాణ్ణి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లారా, లేక జీపులో ఎక్కించి నాలుగు గంటలు స్టేషన్‌లో కూర్చోబెట్టారా అన్నది అసలు ప్రశ్న. అదుపులో ఉన్న మనిషి ఆరోగ్యం, భద్రత చూసుకోవడం ఆ అదుపులో పెట్టుకున్నవాళ్ల విధి అని 56వ సెక్షన్ చెబుతుంది. నేను చూసిన ఒక కేసులో మడమ ఎముక విరిగిన కుర్రాణ్ణి మర్నాడు సాయంత్రం దాకా డాక్టర్‌కు చూపించలేదు. పడ్డది వాడే, కానీ ఆ ఆలస్యం గురించి జడ్జిగారు అడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు.

హెల్మెట్ లేదని ఆపబోయారు, ఆగకుండా పోతుంటే లాఠీ అడ్డం పెట్టారు. బైక్ పడి చెయ్యి విరిగింది.

యూనిఫాంలో ఉన్న పోలీసు ఆపమంటే ఆపాలి, ఆపకపోవడం మీ తప్పే. కానీ ఆ తప్పుకు చలానా ఉంది, నంబర్ ప్లేటు ఫొటో తీస్తే ఇంటికే వస్తుంది. ఆ జరిమానా కోసం కదిలే బండికి కర్ర అడ్డం పెట్టి మనిషి ప్రాణం మీదికి తేవడం ఏ లెక్కనా సరిపోదు. కేరళ హైకోర్టు 2019 నవంబరులో ఇదే విషయం మీద గట్టిగానే చెప్పింది, రోడ్డు మధ్యలోకి దూకి బండ్లు ఆపొద్దు, కెమెరాలు వాడండి అని. అది కేరళ తీర్పు, మన కోర్టులు దాన్నే పాటించి తీరాలని లేదు, అయినా వాదనకు బాగా పనికొస్తుంది. నిర్లక్ష్యంగా ఇతరుల ప్రాణానికి ముప్పు తేవడం బీఎన్‌ఎస్ 125 కిందికి వస్తుంది. గాయం తీవ్రమైతే శిక్ష పెరుగుతుంది.

మఫ్టీలో వచ్చారు. దొంగలనుకుని పరిగెత్తాడు, పడ్డాడు. ఇప్పుడు "అరెస్టును ఎదిరించాడు" అంటున్నారు.

అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనిపించేలా గుర్తింపు ధరించాలని 36వ సెక్షన్‌లో ఉంది. ఎదుటివాడు పోలీసు అని తెలియనప్పుడు పరిగెత్తడాన్ని ప్రతిఘటన అనడం కష్టం. వచ్చింది పోలీసులని అతనికి తెలిసే అవకాశం ఉందా లేదా అనేది చిన్న చిన్న వివరాల మీద ఆధారపడుతుంది: ఎన్ని గంటలకు, ఏ బండిలో వచ్చారు, ముందు ఏమని పిలిచారు, ఇంట్లో ఎవరు చూశారు. ఇవి ఆ రోజే ఒక కాగితం మీద రాసుకోండి, వారం పోతే ఇంట్లోనే నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు.

"ఆయుధం లాక్కుని పారిపోబోతుంటే కాలి మీద కాల్చాం" అంటున్నారు. దీనికి ఎవరు జవాబుదారీ?

చనిపోతేనే విచారణ ఉంటుందని చాలామంది అనుకుంటారు. తప్పు. పీయూసీఎల్ (పౌరహక్కుల సంస్థ) వర్సెస్ మహారాష్ట్ర కేసులో 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన నియమాలు ఎన్‌కౌంటర్‌లో తీవ్రంగా గాయపడిన కేసులకు కూడా వర్తిస్తాయని ఆ తీర్పులోనే ఉంది. ఎఫ్ఐఆర్ కట్టాలి. దర్యాప్తు సీఐడీగానీ వేరే స్టేషన్ బృందంగానీ చేయాలి, కాల్చినవాళ్లే తమ కేసు తాము రాసుకోకూడదు. కాల్చిన తుపాకీని ఫోరెన్సిక్ పరీక్షకు అప్పగించాలి. గాయపడిన మనిషికి వైద్యం చేయించి, మాట్లాడగల స్థితిలో ఉన్నాడని సర్టిఫై చేయించి, మేజిస్ట్రేట్ గానీ మెడికల్ ఆఫీసర్ గానీ వాంగ్మూలం తీసుకోవాలి. ఇవేవీ జరగలేదనుకుంటే బాధితుల కుటుంబం ఆ ప్రాంత సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయొచ్చు. ఈ చివరి అవకాశం లాయర్లకే చాలామందికి గుర్తుండదు.

డాక్టర్‌ను అడగాల్సిన ముఖ్యమైన విషయం ఒకటుంది. బాగా దగ్గర నుంచి కాలిస్తే గాయం చుట్టూ కాలిన గుర్తు, నల్లటి మసి, చర్మంలోకి దిగిన తుపాకి మందు చుక్కలు ఉంటాయి. ఇరవై గజాల దూరంలో పరిగెత్తుతున్నవాడికి అవి రావు. బుల్లెట్ ముందు నుంచి పోయిందా వెనక నుంచా అన్నది కూడా రికార్డు కావాలి.

మన దగ్గర ఈ కథ కొత్తది కాదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురూ చనిపోయినప్పుడు కూడా తుపాకులు లాక్కున్నారనే చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ మాట నమ్మలేదు, పదిమంది పోలీసుల మీద విచారణ జరపాలని సిఫారసు చేసింది. అస్సాంలో ఇలాంటివే అంటూ వచ్చిన 171 ఘటనలపై విచారించమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు చెప్పింది.

"జనం పట్టుకుని కొట్టారు, మేం కాపాడి తెచ్చాం" అంటున్నారు. నమ్మాలా?

నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. ఒక్క ప్రశ్న అడిగి చూడండి: కొట్టిన జనం మీద కేసు పెట్టారా? ఒళ్లంతా దెబ్బలున్న మనిషిని గుంపు చేతిలోంచి తెస్తే ఆ గుంపు మీద ఎఫ్ఐఆర్ ఉండాలి. లేదంటే గుంపు కథ అనుమానమే. మామూలు పౌరులు ఎవరినైనా పట్టుకుంటే ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలని 40వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి ఎవరు పట్టుకున్నారు, ఎన్నింటికి అప్పగించారు అన్నది జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే పుస్తకం) ఉండాలి.

వాళ్ల ఛేజింగ్‌లో దారిన పోయే మా నాన్నకు జీపు తగిలింది. ఎవరిని అడగాలి?

ప్రభుత్వాన్ని. సైరన్ వేసుకున్నంత మాత్రాన జాగ్రత్తగా నడపాల్సిన బాధ్యత పోదు. 1962లోనే సుప్రీంకోర్టు విద్యావతి కేసులో, రిపేరు నుంచి తిరిగొస్తూ కలెక్టర్ జీపు గుద్ది మనిషి చనిపోతే రాష్ట్ర ప్రభుత్వమే పరిహారం కట్టాలంది. మోటారు వాహనాల ట్రిబ్యునల్‌లో మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద క్లెయిం వేయాలి, 2019 సవరణ తర్వాత గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు, మర్చిపోకండి. ప్రభుత్వ వాహనాలకు బీమా తప్పనిసరి కాదు కాబట్టి "ఇన్సూరెన్స్ లేదు, డబ్బు రాదు" అని ఎవరైనా అంటే వినకండి, ప్రభుత్వమే కడుతుంది. గుద్దింది పారిపోతున్నవాడి కారు అయి, ఆ బండి ఆచూకీ దొరకకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు వస్తాయి.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు అడుగుతుంటారు కాబట్టి ఇది కూడా. 2023 జనవరిలో సియాటెల్‌లో ఆదోనికి చెందిన విద్యార్థిని రోడ్డు దాటుతూ పోలీసు కారు గుద్ది చనిపోయింది. అది ఛేజింగ్ కాదు, అత్యవసర కాల్‌కు వెళుతున్నారు. 25 మైళ్ల వేగం ఉండాల్సిన చోట కారు 74 మైళ్ల వేగంతో వచ్చింది. అక్కడి ప్రాసిక్యూటర్ తీవ్ర నేరం కింద కేసు పెట్టలేదు, ట్రాఫిక్ ఉల్లంఘన కింద 5,000 డాలర్ల జరిమానా పడింది, 2025 జనవరిలో ఆ అధికారిని ఉద్యోగంలోంచి తీసేశారు. క్రిమినల్ కేసు లేకపోయినా శాఖాపరమైన చర్య, పరిహారం దావా విడివిడిగా నడుస్తాయని ఈ ఒక్క ఘటన చూస్తే అర్థమవుతుంది.

## మొదటి 24 గంటలు

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు, పక్కనే ఎస్సై నిలబడ్డాడు. "పడ్డాను" అని చెప్పమంటున్నారు. ఏం చేయాలి?

కేసు మొత్తం తిరిగేది ఇక్కడే. డాక్టర్ రాసుకునే మొదటి వాక్యం, "ఫలానా సమయంలో ఫలానావాళ్లు ఫలానాదానితో కొట్టారని చెబుతున్నాడు" అన్నది, తర్వాత మీరు పెట్టే వంద కాగితాల కంటే బరువైనది. భయం నాకు అర్థమవుతుంది, మళ్లీ అదే స్టేషన్‌కు తిరిగి వెళ్లాలి కదా. పోలీసులను కాస్త బయట ఉండమనండి అని డాక్టర్‌ను అడగొచ్చు. ఆయన వినకపోతే కనీసం ప్రతి దెబ్బనూ చూపించి రాయించుకోండి, కారణం జడ్జి ముందు చెప్పొచ్చు. దెబ్బే రాయకపోతే తర్వాత చెప్పడానికి ఏమీ ఉండదు. అరెస్టయిన వెంటనే వైద్య పరీక్ష చేయాలని, రిపోర్టు కాపీ అతనికిగానీ అతను చెప్పిన మనిషికిగానీ ఇవ్వాలని 53వ సెక్షన్‌లో ఉంది. ఆ కాపీ అడగండి. ఇవ్వనంటే అడిగామని రాతపూర్వకంగా పెట్టండి.

ఆసుపత్రిలో "ఎమ్మెల్సీ అయిందా" అంటే కంగారు పడకండి, శాసనమండలి సంగతి కాదు, మెడికో లీగల్ కేసుగా రిజిస్టర్‌లో రాశారా అని అర్థం. ఆ నంబర్ దగ్గర పెట్టుకోండి.

దెబ్బలు చూసి, పడ్డాడో కొట్టారో చెప్పగలరా?

చాలాసార్లు చెప్పగలరు. ముందుకు పడినవాడు చేతులు ఆనిస్తాడు కాబట్టి అరచేతులు, మోకాళ్లు, మోచేతులు, గడ్డం గీసుకుపోతాయి, గాయంలో మట్టి, ఇసుక ఉంటాయి. ఎత్తు నుంచి దూకినవాడికి మడమలు, చీలమండలు, నడుం ఎముక దెబ్బతింటాయి. లాఠీ దెబ్బకు ప్రత్యేకమైన ఆనవాలు ఉంటుంది, రెండు సమాంతర ఎర్రటి గీతలు, మధ్యలో తెల్లగా, రైలు పట్టాల్లా. అవి వీపు మీద, పిర్రల మీద, తొడల వెనక ఉంటే పడ్డం వల్ల వచ్చాయని చెప్పడం కష్టం. అరికాళ్ల వాపు సంగతి సరేసరి. కమిలిన గాయం రంగు రోజుల కొద్దీ మారుతుంది, ఎరుపు నుంచి నీలం, తర్వాత ఆకుపచ్చ, చివరికి పసుపు, కాబట్టి ఛేజింగ్ జరిగిందన్న రోజుకూ గాయం వయసుకూ పొంతన ఉందా అని కూడా చూడొచ్చు. రంగును బట్టి రోజు కచ్చితంగా తేల్చలేరు, కాని "నిన్నటి దెబ్బ"కూ "వారం కిందటి దెబ్బ"కూ తేడా తెలుస్తుంది.

ఫొటోలు తీయండి. పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ల గానీ పెట్టి, ఒకటి దగ్గర నుంచి, ఒకటి మొహం కనిపించేలా దూరం నుంచి.

ప్రైవేటు ఆసుపత్రి "పోలీసు కేసు, మేం చూడం" అంటోంది.

ప్రాణాపాయం ఉన్నప్పుడు అలా అనే హక్కు ఎవరికీ లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, గాయపడినవాడు నిందితుడైనా అమాయకుడైనా ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని చెప్పింది. ఇది ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరికీ వర్తిస్తుంది.

ఆసుపత్రి మంచానికి సంకెళ్లు వేసి కట్టేశారు. ఇది సరేనా?

కాదు. హరియాణాకు చెందిన విహాన్ కుమార్ కేసులో 2025 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు సరిగ్గా దీని మీదే మాట్లాడింది. ఆసుపత్రి మంచానికి గొలుసుతో కట్టేయడం రాజ్యాంగంలోని 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనంది. కొన్ని తీవ్ర నేరాల్లో, అలవాటుగా నేరాలు చేసేవాళ్ల విషయంలో బేడీలు వేయొచ్చని బీఎన్‌ఎస్‌ఎస్‌లో కొత్తగా చేర్చారు, నిజమే. కాలికి సిమెంటు కట్టు ఉన్నవాడు ఎక్కడికి పారిపోతాడని వేశారో మాత్రం చెప్పాలి. బేడీలు కనిపించేలా ఫొటో తీసి మేజిస్ట్రేట్‌కు చూపించండి.

ఎక్కడున్నాడో చెప్పడం లేదు. ఏ స్టేషన్‌కు వెళ్లినా "మా దగ్గర లేడు" అంటున్నారు.

అరెస్టు చేస్తే బంధువుకో స్నేహితుడికో చెప్పి తీరాలి, 48వ సెక్షన్. జిల్లా కంట్రోల్ రూంలో అరెస్టయినవాళ్ల పేర్లు ఉంచాలి, 37వ సెక్షన్. అక్కడికి ఫోన్ చేయండి. ఎస్పీకి లేదా కమిషనర్‌కు మెయిల్, వాట్సాప్, రిజిస్టర్ పోస్టు, ఏది వీలైతే అది, టైం వేసి పంపండి. ఆ టైం తర్వాత పనికొస్తుంది, ఎందుకంటే "నిన్న రాత్రి ఛేజింగ్‌లో పట్టుకున్నాం" అని రేపు రాసేసరికి మీ మెయిల్ మొన్నటి తేదీతో ఉంటుంది. ఉచిత న్యాయ సహాయానికి 15100. అదుపులో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 24 గంటలు దాటినా హాజరు పరచకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్).

జడ్జి ముందు హాజరు పరిచేటప్పుడు ఏం చెప్పాలి?

జడ్జిగారు సాధారణంగా అడుగుతారు, "పోలీసులు కొట్టారా, ఏమైనా చెప్పుకోవాలా?" అని. ఆ ప్రశ్నకు "లేదు సార్" అన్న రెండు ముక్కలు రికార్డయితే ఏడాది తర్వాత హైకోర్టులో కూడా అవే ఎదురొస్తాయి. దెబ్బలుంటే చొక్కా తీసి చూపించమనండి. లాయర్ ఉంటే వైద్య పరీక్ష కోసం అక్కడికక్కడే మెమో వేయాలి. మొదటిసారి రిమాండ్ అడిగేటప్పుడు మనిషిని స్వయంగా తేవాలి. కదల్లేని స్థితిలో ఉంటే మేజిస్ట్రేటే ఆసుపత్రికి వస్తారు. జైలుకు పంపితే అక్కడ కూడా లోపలికి తీసుకునేటప్పుడు గాయాలు రాసుకుంటారు, ఆ రిజిస్టర్ మనకు అక్కరకొస్తుంది.

మావాడికి 17 ఏళ్లే. బైక్ దొంగతనం అని తరిమి పట్టుకుని కొట్టారు.

ఆధార్ కాదు, స్కూలు సర్టిఫికెట్ లేదా పుట్టిన తేదీ పత్రం వెంటనే పట్టుకెళ్లండి. 18 లోపు పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు ఉంచాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చెప్పండి.

## సాక్ష్యాలు

స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీ మాకు ఇస్తారా?

అడక్కపోతే ఖాయంగా ఇవ్వరు. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు, ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది అన్నిచోట్లా మాటలు కూడా వినిపించే కెమెరాలు పెట్టి, రికార్డింగ్ 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలంది. ఆచరణలో సరిగ్గా కావాల్సిన రోజే కెమెరా పాడవుతుంది. ఈ ధోరణి చూసే 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనంతట తానే మరో కేసు చేపట్టింది. చేయాల్సింది: ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఫుటేజీ చెరపకుండా భద్రపరచండి అని ఎస్పీకి రాసి, మేజిస్ట్రేట్ దగ్గర అదే కోరుతూ పిటిషన్ వేయడం.

తరిమింది రోడ్డు మీద కాబట్టి స్టేషన్ కెమెరా కంటే పెట్రోలు బంకు, కిరాణా కొట్టు, మెడికల్ షాపు కెమెరాలు ముఖ్యం. వాటిలో పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది, కొన్నిచోట్ల వారానికే. మర్నాడు పొద్దున్నే వెళ్లి కాపీ అడగండి.

మా వీధివాళ్లు ఫోన్‌లో వీడియో తీశారు. అది చెల్లుతుందా?

చెల్లుతుంది. కాకపోతే వాట్సాప్‌లో నలభైమంది చేతులు మారిన కాపీ కంటే తీసిన ఫోన్‌లో ఉన్న అసలు ఫైలు కావాలి, దానికి భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. పాటలు, బాణం గుర్తులు వేసి రీల్ చేసి పెట్టకండి దయచేసి. ఒకసారి అలాంటి రీల్ పట్టుకొచ్చారు నా దగ్గరికి, అసలు వీడియో డిలీట్ చేసేశారట.

ఏయే కాగితాలు సంపాదించాలి?

ఎఫ్ఐఆర్, అరెస్టు మెమో, రిమాండ్ రిపోర్టు, వూండ్ సర్టిఫికెట్ (డాక్టర్ గాయాలు రాసి ఇచ్చే పత్రం), ఎక్స్‌రేలు, ఆసుపత్రి కేసు షీటు. డి.కె.బసు తీర్పు (1996) ప్రకారం, నిందితుడు కోరితే అరెస్టు సమయంలో ఒంటిమీది చిన్నా పెద్దా గాయాలన్నీ రాసి, నిందితుడూ అధికారీ ఇద్దరూ సంతకం చేసే తనిఖీ మెమో ఉండాలి, అదుపులో ఉన్నంతకాలం 48 గంటలకోసారి వైద్య పరీక్ష జరగాలి. మెమోలో "గాయాలు లేవు" అని ఉండి ఆరు గంటల తర్వాత వూండ్ సర్టిఫికెట్‌లో ఏడు గాయాలు ఉంటే, ఇక ఛేజింగ్ కథ నిలబడదు. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడటం నేను మొట్టమొదట చేసే పని. జీపు లాగ్‌బుక్, జనరల్ డైరీ ఎంట్రీలు సమాచార హక్కు కింద అడగొచ్చు.

## ఫిర్యాదు, కేసు, పరిహారం

కొట్టినవాళ్ల మీద అదే స్టేషన్‌లో కేసు ఎలా పెడతాం?

అక్కడే పెట్టాలని లేదు. జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా కట్టొచ్చు. కట్టకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా, రిజిస్టర్ పోస్టులో. ఆయనా పట్టించుకోకపోతే మేజిస్ట్రేట్ దగ్గర 175వ సెక్షన్ కింద పిటిషన్, అఫిడవిట్‌తో. ప్రభుత్వ ఉద్యోగి విధుల్లో చేసిన పని మీద ఫిర్యాదైతే మేజిస్ట్రేట్ ముందు పైఅధికారి నివేదిక, ఆ ఉద్యోగి వివరణ చూడాలని కొత్త చట్టంలో ఒక మెలిక పెట్టారు, అందుకే ఇదివరకటి కంటే ఆలస్యం అవుతుంది. ఒప్పించడానికో సమాచారం రాబట్టడానికో కొడితే బీఎన్‌ఎస్ 120, ఏడేళ్ల వరకు, తీవ్ర గాయమైతే పదేళ్ల వరకు. మామూలు గాయం 115 మాత్రమే అయితే ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి, తర్వాత గడువు దాటిందంటారు.

మానవ హక్కుల కమిషన్‌కు రాస్తే ఉపయోగం ఉంటుందా?

ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, తెలుగులో రాయొచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి. జాతీయ కమిషన్ హెల్ప్‌లైన్ 14433. ఒకేసారి రాష్ట్ర కమిషన్‌కూ జాతీయ కమిషన్‌కూ పంపకండి, రాష్ట్రంలో నడుస్తున్నదాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు. కమిషన్ చేసేది సిఫారసే, శిక్ష వేయలేదు. అయినా కమిషన్ నోటీసు వస్తే జిల్లా అధికారులు రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబులో వాళ్లు ఏ కథ చెప్పారో అది తర్వాత మారదు. నాకు ఆ కాగితమే ముఖ్యం. ఒక విశేషం: ఎన్‌కౌంటర్లపై కమిషన్ 1997లో రాష్ట్రాలన్నిటికీ పంపిన మార్గదర్శకాలకు మూలం ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఇచ్చిన ఫిర్యాదులే.

పోలీసుల మీద కేసుకు ప్రభుత్వ అనుమతి కావాలట, నిజమేనా?

కొంతవరకు. 218వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వమే తొలగించగల స్థాయి అధికారి విధి నిర్వహణలో చేసిన పనికి అనుమతి కావాలి, 120 రోజుల్లో తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. స్టేషన్‌లో కట్టేసి కొట్టడం విధి నిర్వహణ కాదని కోర్టులు ఎన్నోసార్లు అన్నాయి. కానీ విధితో సంబంధం ఉండి హద్దు మీరితే రక్షణ వర్తిస్తుందని 2020లో దేవరాజ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఛేజింగ్ గాయాల్లో అసలు కొట్లాట ఇక్కడే: దెబ్బ పట్టుకునే క్షణంలో పడిందా, పట్టుకున్నాక పడిందా. అందుకే గంటలూ నిమిషాలూ ముఖ్యం.

కొట్టలేదని వాళ్లు నిరూపించుకోవాలా, కొట్టారని మేమా?

మీరే. 1985లో సుప్రీంకోర్టు ఈ అన్యాయాన్ని ఎత్తిచూపింది, అదే ఏడాది లా కమిషన్ తన 113వ నివేదికలో, అదుపులో ఉండగా గాయమైతే పోలీసులే చేశారని కోర్టు భావించవచ్చు అనే నిబంధన పెట్టమంది. నలభై ఏళ్లయింది. కొత్త సాక్ష్య చట్టంలోనూ అది రాలేదు.

పరిహారం వస్తుందా?

వస్తుంది, త్వరగా మాత్రం కాదు. హైకోర్టులో రాజ్యాంగంలోని 226 అధికరణం కింద రిట్ పిటిషన్ వేయొచ్చు. నీలబతి బెహరా కేసులో (1993) ఒడిశాలో కస్టడీలో చనిపోయిన యువకుడి తల్లికి సుప్రీంకోర్టు లక్షన్నర ఇప్పించింది, దారి వేసిన తీర్పుల్లో అది ఒకటి. గాయం ఎలా అయిందన్న దాని మీదే గొడవ ఉంటే హైకోర్టు సివిల్ కోర్టుకు పొమ్మనవచ్చు. సివిల్ దావాకు ముందు ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలి, గడువు కూడా తక్కువ, ఏడాది కంటే ముందే లాయర్‌ను కలవండి.

రాజీ పడితే మావాడి మీద పెట్టిన కేసు తేలిక చేస్తామంటున్నారు పోలీసులు.

తప్పు అనను, ఇల్లు గడవాలి కదా. కాకపోతే మీరు తెల్లకాగితం మీద సంతకం పెడతారు, వాళ్లు మాట మాత్రమే ఇస్తారు. బీఎన్‌ఎస్ 120వ సెక్షన్ నేరం రాజీకి వీల్లేనిది కూడా. ఏ కాగితమైనా సంతకం పెట్టే ముందు ఫొటో తీసుకోండి.

గాయాలతో ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. ఇప్పుడేమిటి?

అదుపులో ఉండగా చనిపోతే 196వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి, 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలి, పోస్టుమార్టం వీడియో తీయాలి. "ఇంకా అరెస్టే చేయలేదు, పారిపోతూ పడ్డాడు" అంటే అది కస్టడీనా కాదా అన్న వాదన వస్తుంది. చేతికి చిక్కిన తర్వాత కాగితం మీద అరెస్టు చూపించకపోయినా అది కస్టడీయే. పోస్టుమార్టం అయ్యేదాకా, వీడియో తీస్తున్నారని చూసేదాకా మృతదేహం తీసుకోకండి. వెంటనే దహనం చేయమని ఒత్తిడి చేస్తే ఒప్పుకోకండి, రెండోసారి పోస్టుమార్టం అడగాల్సి రావచ్చు.

నేను కానిస్టేబుల్‌ని. నిజంగానే వాడే పడ్డాడు, ఇప్పుడు నా మీద పడుతున్నారు. నేనేం చేయాలి?

ఈ ప్రశ్న కూడా వస్తుంది, ఫోన్ పెట్టేసే ముందు "సార్ నా పేరు ఎక్కడా రాయకండి" అంటారు. ముందు ఆసుపత్రి, తర్వాత స్టేషన్. ఈ వరసలో పోతే సగం అనుమానం అక్కడే పోతుంది. పడిన చోటు ఫొటోలు, చూసినవాళ్ల పేర్లు, మీకు తగిలిన దెబ్బలకు మీ సొంత వూండ్ సర్టిఫికెట్, డైరీలో అదే గంటకు ఎంట్రీ. పైవాళ్లు "ఏమీ రాయకు, నేను చూసుకుంటా" అంటే మాత్రం రాయండి, కోర్టులో బోనెక్కేది మీరే, ఆయన కాదు. బాడీ కెమెరా ఇస్తే ఆఫ్ చేయకండి.